ఒక్క తిట్టు

వణుకుడు జబ్బుకు మందు మొదలుపెట్టిన పదో రోజున టైలర్ మాస్టారు ఒక్క ప్రయత్నంలో సూదిలో దారం ఎక్కించి, చిన్నపిల్లాడిలా ఇల్లంతా తిరిగి చూపించాడు. రెండేళ్లుగా మూలపడ్డ మిషను మళ్లీ తిరిగింది. ఆయన భార్య డాక్టరుకు వెయ్యి దండాలు పెట్టుకుంది.

రెండో నెలలో తలగడ గలీబుల కుట్లు ఊడాయి. తర్వాత కిటికీ పరదాలవి. ఆపైన ఆవిడ జాకెట్లు ఏడు. బ్లేడు చేతికి దొరికితే చాలు, మాస్టారు ఒక్కో కుట్టే తెంపి దారాలు పొడవు ప్రకారం పేర్చుకునేవాడు. ఆపాలనే ఉండేది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూనే పూట గడిచిపోయేది.

మందువల్ల కొందరికి ఇలా అవుతుందనీ, మోతాదు తగ్గిస్తే వణుకు తిరిగొస్తుందనీ డాక్టరు చెప్పాడు. “ఏది కావాలో మీరే ఆలోచించుకోండి” అన్నాడు. ఆలోచించాల్సింది ఎవరట? మందు మింగినవాడు మందే కావాలంటాడు కదా!

మాస్టారు తగ్గించనన్నాడు. ఆయన కూతురు లా చదివి ప్యాసయింది. సోమవారం వకీలుగా ప్రమాణం చేయాలి. నల్లగౌను తన చేత్తోనే కుట్టాలని ఈయన పట్టు. శనివారానికి కుట్టేశాడు కూడా. భుజాల దగ్గర సన్నని కుచ్చులు చూసి కూతురు మురిసిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్లు బూట్లు కొనుక్కుని వచ్చేసరికి గౌను నేలమీద పదకొండు ముక్కలై ఉంది. పక్కన నల్లదారాలు, వరసగా. మాస్టారు బ్లేడు పట్టుకుని తలెత్తలేదు.

కూతురు కళ్లు తుడుచుకుని పక్కన కూర్చుంది. “పర్లేదు నాన్నా. రెడీమేడ్ తెచ్చుకుంటాను. ఇందులో నీ తప్పేముంది? అంతా ఆ మందు చేసిన పని.”

“కుట్టిందెవరే మరి?”

“నువ్వే.”

“మందు లేకపోతే కుట్టగలనా? విప్పింది మందైతే కుట్టిందీ మందే. అది నాదైతే ఇదీ నాదే. వకీలువి కదా, తేల్చి చెప్పు.”

ఏ పుస్తకంలోనో కూతురు చదివిన జవాబు ఉండే ఉంటుంది. తండ్రి ముఖం చూసి, నేలమీది గౌను ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

మాస్టారు భార్యవైపు తిరిగాడు. నలభై ఏళ్ల కాపురంలో చెంబు అటుది ఇటు పెట్టినా ఒంటికాలి మీద లేచిన మనిషి ఆవిడ. ఆమె నోటికి వీధంతా హడలే. గలీబులప్పుడు తిట్టింది, పరదాలప్పుడు దులిపేసింది. డాక్టరు మాట విన్నాక జాకెట్లు ఏడూ పోయినా కిమ్మనలేదు.

“నువ్వైనా తిట్టవే” అన్నాడు. “బుద్ధుందా అను. పిల్ల గౌను పాడుచేశావని నాలుగు దులుపు. ఒక్క తిట్టు తిట్టు, నీకు పుణ్యముంటుంది.”

ఆవిడ వంగి, ఆయన వేళ్ల మధ్య నుంచి బ్లేడు మెల్లిగా తీసుకుంది.

“పోనీలెండి. పాపం, మీరు మాత్రం ఏం చేస్తారు?”

మాస్టారికి దుఃఖం పొంగుకొచ్చింది. భోరుమని ఏడ్చాడు. అది కూడా మందువల్లేననుకుని తల్లీకూతుళ్లిద్దరూ చెరోపక్కా కూర్చుని ఆయన వీపు నిమిరారు.