టీవీ అంత చిల్లు

కోటుకు పడిన చిల్లు చొక్కా గుండీలో సగం కూడా లేదు. కానీ లాండ్రీ షాపు మొత్తం ఆ చిల్లులో పడిపోయినట్టుంది.

తప్పు షాపు నడిపే సూదమ్మ మరిదిదే. ఇస్త్రీ అయిన కోటును హడావిడిగా కడ్డీ మీంచి లాగాడు. గోడకున్న మేకు దాని ఎడమ రొమ్మును కొరికేసింది.

"మేకు కొట్టిందీ మీరే, కోటు లాగిందీ మీరే. ఇప్పుడు నా మొహం చూస్తే ఏం లాభం?" అంది అతని భార్య.

"నీ మొహం చూడటం లేదే, గడియారం చూస్తున్నా."

గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. కోటు యజమాని సభల్లో పాటలు పాడే ఆయన. గొంతు ఎంత లావో మనిషీ అంత లావు. ఆయన గుమ్మంలో నిలబడితే షాపులో పట్టపగలు లైటు వేసుకోవాలి. సాయంత్రం ఏడింటికి పెద్ద హాల్లో ఆయన పాట. అయిదున్నరకు కోటు కోసం వస్తానన్నాడు. ఆ కొలతకు అద్దె కోటు ఎక్కడా దొరకదని మరిది అప్పటికే నాలుగు షాపులకు ఫోన్ చేసి తెలుసుకున్నాడు.

సూదమ్మ మడతల బల్ల దగ్గర కూచుని దిండు గలీబులు మడతపెడుతూ ఇదంతా వింటోంది. ఒకే గలీబును మూడోసారి మడతపెడుతున్న సంగతి ఆమెకు తెలియలేదు.

ముప్పై రెండేళ్లు ఆ షాపులో చిరుగులు కలిపింది ఆమే. కుట్టడం కాదు, కలపడం. బట్ట లోపలి మడతలోంచి దాని పోగులే నాలుగు లాగి, వాటితోనే చిరిగినచోట మళ్లీ నేత నేసేది. చిరుగు ఎక్కడుండేదో బట్ట సొంతదారుకే తెలిసేది కాదు. అందుకే అసలు పేరు పోయి సూదమ్మ అయింది. ఇంటి పెద్ద కోడలు అన్న సంగతి కూడా ఆ పేరు తరవాతే ఎవరికైనా గుర్తొచ్చేది.

ఏడాదిగా కళ్లు మొరాయిస్తున్నాయి. డాక్టరు కొత్త అద్దాలు ఇచ్చాడు. వాటితో మనుషులు బాగానే కనపడుతున్నారు, పోగులే కనపడటం లేదు. కంటి లోపలి పొర అరిగిపోయిందట, అద్దాలు ఇంతకంటే ఏమీ చెయ్యలేవట. పోయిన నెల ఆమె కలిపిన బూడిదరంగు ప్యాంటు మోకాలి దగ్గర ముడతపడి, ఉక్రోషంగా తిరిగొచ్చింది. మరిది పల్లెత్తు మాట అనలేదు. "సోమవారం నుంచి మడతలు చూసుకో వదినా, హాయిగా ఉంటుంది" అన్నాడంతే. సూదుల డబ్బా పై అరలోకి ఎక్కింది. ఆ హాయి ఆమెకు గొంతు దిగలేదు.

"ఏదీ, ఒకసారి ఇటు తే" అంది సూదమ్మ.

మరిది కోటు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు కానీ చెయ్యి మాత్రం తియ్యలేదు. "నల్ల గుడ్డ వదినా. నల్లదాని మీద నల్ల పోగు. కుర్ర కళ్లకే కష్టం."

ఆమె కిటికీ వైపు తిప్పి చూసింది. నలుపు. అద్దాలు తీసి చూసింది. మెత్తటి నలుపు. వేలితో తడిమితే చిల్లు తగిలింది కానీ కంటికి పొగలా ఉంది. కోటు తిరిగిచ్చేసింది.

"బజారు చివర పెద్ద షాపువాడు ఉన్నాడుగా" అన్నాడు మరిది, వదిన వైపు చూడకుండా. "చిల్లు ఫోటో పంపిస్తే అయ్యేదీ కానిదీ చెప్తాట్ట. ఏమే, నీ ఫోనుతో ఒకటి తియ్యి."

తోటికోడలి ఫోను ఆ ఇంట్లో టీవీకి ప్రాణం. సీరియల్ తప్పిపోతే ఫోనులో పెట్టి, ఫోనులో కనపడేదంతా టీవీ మీదికి ఎక్కించి, కాళ్లు చాపుకుని చూస్తుంది. ఆ పూట కూడా అదే పనిలో ఉండగా మేకు గొడవ మొదలైంది. వెనకగదిలో టీవీ ఇంకా వెలుగుతూనే ఉంది. ఫోను ముట్టుకుంటే చాలు, టీవీ కూడా కదులుతుంది. అది ఎవరికీ గుర్తులేదు.

ఆమె కోటును బల్ల మీద పరిచి, ఫోను లైటు వేసి, కెమెరాను చిల్లు మీదికి వంచింది. సూదమ్మ కూచున్న చోటినుంచి తెర పక్కకు తీసిన గుమ్మంలోంచి వెనకగది కనపడుతోంది. ఆమె అటు చూసింది.

టీవీ నిండా నులకమంచం!

నల్లటి తాళ్లు ఏటవాలుగా, రెండు పైకీ రెండు కిందకీ, వరస మీద వరస. మధ్యలో తాళ్లు తెగి వేలాడుతున్న గొయ్యి. ఒక్కో తాడు బొటనవేలంత లావు. ఆ తాడు మీది నూగు కూడా కనపడుతోంది.

"కదలకు!" అని అరిచింది సూదమ్మ.

తోటికోడలు ఉలిక్కిపడింది. టీవీలో నులకమంచం భూకంపం వచ్చినట్టు ఊగింది.

"కదలకంటే కదులుతావేమే! అదిగో, అదిగో చూడు నా పోగులు!"

"తేలో జెర్రో అనుకున్నా కదక్కా! పోగులకా ఇంత అరుపు?"

సూదమ్మ వినిపించుకునే స్థితిలో లేదు. స్టూలు లాక్కుని, అరవయ్యొకటో ఏట, స్టూలెక్కింది. మరిది "వదినా, వదినా" అంటూ పరుగెత్తి వచ్చేలోగా సూదుల డబ్బాతో దిగింది.

"పెద్ద షాపూ వద్దు, చిన్న షాపూ వద్దు. ఇది నేను కలుపుతా."

"పాడైతే?"

"ఇప్పుడేమన్నా బాగుందా?"

మరిది చిల్లు మీద వేలు పెట్టి చూశాడు. మెల్లగా అన్నాడు. "సరే వదినా. కానీ ఇది కూడా ఆ ప్యాంటులాగే వస్తే, ఇంక ఆ డబ్బా అడగకూడదు."

"అడగను" అంది. నోరు అన్నంత తేలిగ్గా గుండె అనలేదు.

రెండు ఇస్త్రీపెట్టెలను ఎదురెదురుగా నిలబెట్టారు. వాటి మీద రెండు స్కేళ్లు అడ్డంగా వేసి, కెమెరా కిందికి ఉండేలా ఫోనును పడుకోబెట్టారు. కింద కోటు. సూదమ్మ లోపలి మడత విప్పి పోగులు లాగింది. దారం ఎక్కించడం కూడా టీవీలో చూస్తూనే చేసింది. సూది బెజ్జం కిటికీ అంత ఉంది. "ఇందులోంచి నేనే దూరిపోవచ్చు" అంది.

సూదిని కుడికి పోనిచ్చింది. టీవీలో అది ఎడమకు పోయింది.

"ఇదేమిటే, నా చెయ్యి నా మాట వినడం లేదు!"

"ఫోను తలకిందులుగా పెట్టాం అక్కా." తోటికోడలు దాన్ని తిప్పింది. ఇప్పుడు కుడి కుడే అయింది.

మళ్లీ పోనిచ్చింది. ఈసారి సూది వేల్లో దిగింది. "అబ్బా!" అంది సూదమ్మ. అన్న తరవాత, ఒక్క ఊపిరి ఆగి, టీవీలో ఆ సూది తాపీగా వచ్చి ఆ వేల్లో దిగింది. తను పొడుచుకున్నది తనే తీరిగ్గా చూసింది.

తోటికోడలు ఫోను వైపూ టీవీ వైపూ చూసింది.

"బొమ్మ గాల్లో రావాలి కదక్కా, కాస్త ఆలస్యమవుతుంది. సీరియల్‌లో తెలీదు."

"నీ సీరియల్‌లో ఏడుపు అరక్షణం ఆలస్యమైనా ఏడుపే. ఇక్కడ రక్తం కారుతోంది!"

ఇంకో రెండుసార్లు ప్రయత్నించింది. చెయ్యి ముందు, చూపు వెనక. పట్టుకోవాల్సిన పోగు దాటిపోతోంది, వద్దన్న పోగు సూదికి తగులుతోంది. గడియారం ఒకటిన్నర దాటింది. మరిది చెప్పులు వేసుకున్నాడు. పెద్ద షాపుకే పోతాడని సూదమ్మకు తెలుసు. ఎదురుగా టీవీలో ప్రతి పోగూ పట్టపగల్లా ఉంది. అంత దగ్గరగా వచ్చి అందకుండా పోతుంటే ఏడుపు వచ్చినంత పనైంది.

"వైరు!" అంది తోటికోడలు ఉన్నట్టుండి. "మా అమ్మాయి పోయినసారి వచ్చినప్పుడు ఒక వైరు ఇచ్చి వెళ్లింది. ఫోనుకో కొస, టీవీకో కొస. గాలితో పనిలేదంది. అప్పుడు నేనే విన్లేదు."

పాత రిమోట్లూ, పనిచెయ్యని గడియారాలూ ఉన్న సొరుగును నేల మీద బోర్లించారు. వైరు దొరికింది, కానీ రెండు మూరలే. టీవీ షాపులోకి రాదు కాబట్టి షాపే టీవీ దగ్గరికి పోయింది. బల్ల, ఇస్త్రీపెట్టెలు, స్కేళ్లు, కోటు, అన్నిటినీ వెనకగదిలోకి మోశారు. మరిది చెప్పులు విడిచి బల్ల ఒక కొస పట్టుకోక తప్పలేదు.

వైరు గుచ్చారు. సూదమ్మ సూది కదిపింది. టీవీలో సూది అప్పుడే కదిలింది. అటూ ఇటూ తిప్పింది. తన నీడలా అంటుకునే తిరిగింది.

"దొరికావు" అంది సూదమ్మ.

ఇంక ఆమెను ఆపేవాళ్లు లేరు. ముందు నిలువు పోగులు. ఒక్కొక్కటీ గొయ్యి దాటించి, అవతల ఒడ్డున మంచి నేతలోకి నాలుగు అడుగులు నడిపించి వదిలింది. ఆ తరవాత అడ్డం పోగులు. "రెండు పైన, రెండు కింద, ఒకటి జరుగు. రెండు పైన, రెండు కింద, ఒకటి జరుగు." చేతులు చూసుకోకుండా ఎదురుగా టీవీకేసి చూస్తూ పనిచెయ్యడం మొదట్లో వింతగా ఉంది. పది వరసలు దాటేసరికి ఆ పెద్ద చేతులే తన చేతులైపోయాయి. ఎంతేసి వేళ్లు! గోళ్ల మీది గీతలు కూడా కనపడుతున్నాయి. ఏళ్ల తరబడి సూదిని నమ్ముకున్న ఆ వేళ్లను ఆమె ఎప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు.

"అక్కా, తప్పు! ఆ చివరది మూడు మీంచి పోయింది" అని అరిచింది తోటికోడలు.

నిజమే. సూదమ్మ ఆ పోగు వెనక్కి తీసింది. "నీకు కూడా పని వచ్చేస్తోందే."

"టీవీలో ఏది వచ్చినా నేను ఊరికే చూడను కదా."

నాలుగున్నరకు గొయ్యి ముప్పాతిక వంతు పూడింది. సరిగ్గా అప్పుడు సూది మాయమై, టీవీ ఈ చివరినుంచి ఆ చివరికి అక్షరాలు పరుచుకున్నాయి. "పెద్ద కోటు". ఫోను దడదడా వణికింది, స్కేళ్లు గిలగిల్లాడాయి. తోటికోడలు ఆయన నంబరును ఆ పేరుతోనే దాచుకుంది.

"అయిదింటికే వస్తున్నానండీ. కోటు సిద్ధమేనా?" ఆ గొంతుకు గది కిటికీ అద్దం కూడా జవాబిచ్చింది.

మరిది ఫోనులోకి వంగాడు. "సిద్ధం... అవుతూనే ఉందండీ!"

పెట్టేశాక సూదమ్మ అంది. "ఇంకెవరూ రాకుండా తలుపు వేసే దారి లేదా దీనికి?"

"ఉంది." తోటికోడలు విమానం బొమ్మ నొక్కింది. అప్పుడే ఆమె కళ్లు తెర మూల మీద పడ్డాయి. "అక్కా, చార్జింగు పదకొండు. వైరు పీకితేగానీ చార్జింగు పెట్టలేం."

"పీకొద్దు."

ఎనిమిది. ఆరు. మరిది గోరు కొరుక్కుంటూ అంకెలు చదువుతున్నాడు, క్రికెట్ చూస్తున్నట్టు. "ఇంకెన్ని వరసలు వదినా?" "అయిదు." "చార్జింగు నాలుగే!" "నువ్వు లెక్కపెట్టకపోతే నిదానంగా దిగుతుందేమో చూడు." మూడు వరసలు మిగిలాయి. రెండు.

టీవీ నల్లబడింది.

సూది సగం నేతలో ఉంది. సూదమ్మ కళ్లు మూసుకుంది. ఎలాగూ తెరిచి లాభం లేదు. ఎడమ చూపుడువేలిని వరస మీద ఆనించింది. ఇంతసేపూ లావుగా చూసిన తాళ్లు వేలి కింద ఇప్పుడు సన్నగా, కానీ విడివిడిగా తగిలాయి. రెండు పైన. రెండు కింద. ఒకటి జరుగు. చివరి పోగు దాటించి, తెంపి, ఆవిరిపట్టి, అరచేత్తో అద్దింది.

అయిదింటికి గుమ్మం చీకటైంది. మరిది లైటు వేశాడు.

దాచడం సూదమ్మకు నచ్చలేదు. "అయ్యా, మా మేకు తగిలి కోటు రొమ్ము మీద చిల్లు పడింది. కలిపాను. చూసుకోండి."

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కోటును లైటు కింద పెట్టి చూశాడు, గుమ్మంలోకి తీసుకెళ్లి చూశాడు. "ఎక్కడమ్మా?"

"ఎడమ వైపు."

"ఎడమవైపే చూస్తున్నా. ఎక్కడా?"

ఈలోగా ఫోనుకు కాస్త ప్రాణం వచ్చింది. "రండి, టీవీలో చూపిస్తా" అంటూ తోటికోడలు వైరు గుచ్చింది. నలుగురూ టీవీ ముందు చేరారు. మళ్లీ నులకమంచం. రెండు పైన, రెండు కింద, చివరిదాకా. సూదమ్మ కోటును కాస్త జరిపింది. ఇంకాస్త జరిపింది. వెనక్కి లాగింది. ఆఖరి రెండు వరసలు కళ్లు మూసుకుని వేసినవి, వాటిలోనైనా ఒక తప్పు ఉండాలి కదా. గొయ్యి ఉన్న చోటును వెతికింది. టీవీకి ముక్కు ఆనేదాకా వెళ్లింది.

"ఏమైంది వదినా?"

"కనపడటం లేదయ్యా."

"కళ్లా?"

"కళ్లు కాదు! అన్ని పోగులూ కనపడుతున్నాయి. చిల్లే కనపడటం లేదు! ఇంత టీవీలో, నేను కలిపినది, నాకే!" ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఏడాదిగా ఆ మాట ఎవరైనా అంటారేమోనని భయపడింది. ఇప్పుడు తనే అరిచి చెబుతోంది. "నాకు కనపడటం లేదు!"

పాటల ఆయన నవ్వితే ఇస్త్రీపెట్టెల మీద స్కేళ్లు జారిపడ్డాయి. కోటు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ ఇంట్లో ఇంకో రెండు కోట్లకు చిరుగులున్నాయని చెప్పాడు.

మరిది బల్లను తిరిగి షాపులోకి మొయ్యడానికి ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస ఎవరూ పట్టుకోలేదు.

"అక్కడే ఉండనివ్వు" అంది సూదమ్మ, సూదుల డబ్బాను టీవీ పక్కన పెడుతూ.

"మరి నా సీరియల్?" అంది తోటికోడలు.

"మధ్యాహ్నం నాది, సాయంత్రం నీది."

మరిది తల గోక్కున్నాడు. "అంతా బాగానే ఉంది వదినా. సోమవారం నుంచి మడతలు ఎవరు పెడతారు?"

సూదమ్మ దిండు గలీబుల దొంతర తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"నువ్వే. హాయిగా ఉంటుంది."