వేడినీళ్ళ కింద టాన్సీ

మా కొండల్లో పుట్టిన పిల్లలకు అమ్మ, నాన్న అన్న మాటల తరువాత మేము నేర్పే మాట 'తెలీదు'. మీ నాన్న ఏం చేస్తాడు? తెలీదు. ఆ పందిరి కింద ఏముంది? తెలీదు. నా కూతురు టాన్సీ నాలుగేళ్ళకే ఆ విద్యలో ఆరితేరింది. బళ్ళో టీచరు అడిగితే "మా నాన్న వడ్రంగి" అని చెప్పి, ఇంటికొచ్చి, "అమ్మా, బాగా చెప్పానా?" అంది. బాగా చెప్పావు తల్లీ అని ముద్దు పెట్టుకున్నాను. నా చేతులు విరగ్గొట్టినా పాపం లేదు.

ఈ హంబోల్ట్ కొండల మీద గంజాయే మా వ్యవసాయం. ముప్పై ఏళ్ళు మా నెత్తిన హెలికాప్టర్లు తిరిగాయి. యూనిఫాం వాళ్ళు దిగి తోటలు నరికారు, మగవాళ్ళను బేడీలతో తీసుకుపోయారు. ఇప్పుడు చట్టం మారింది. లైసెన్సులు వచ్చాయి, ఊళ్ళో దుకాణాలు వచ్చాయి. మా నోళ్ళు మాత్రం మారలేదు. బయటివాడు అడిగితే లేదనడమే.

నా భర్త గస్‌కు కడుపులో క్యాన్సర్ వచ్చినప్పుడు ఆసుపత్రి మందులకు పేగులు బయటికొచ్చేలా కక్కేవాడు. మా తోట మొగ్గలు వెన్నలో కాచి రొట్టె మీద రాసి పెట్టాను. నాలుగు ముద్దలు నిలిచాయి. ఎనిమిది నెలలు బతికాడు. అప్పటి నుంచి కొండ మీద ఎవరికి కడుపు తిప్పినా "వెర్నా దగ్గరికి వెళ్ళు" అనేవారు. నేనూ పెద్ద వైద్యురాలిలా వెన్న డబ్బాలు పంచేదాన్ని. వాంతికి మందు అదే. అదే వాంతి పుట్టిస్తుందని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేదాన్ని.

టాన్సీకి ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. గంజాయి నుంచి సారం పిండే ఫ్యాక్టరీలో పని. మైనంలా ఉండే ఆ తేనె రంగు సారాన్ని చిన్న గాజు డబ్బాల్లో ఇంటికి తెచ్చుకునేది. గింజంత తీసి, కాలిన గొట్టంలో వేసి పీల్చేది. మొదట్లో సాయంత్రాలే. తరువాత లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా. మా రోజుల్లో మొగ్గలో మత్తు నూటికి ఐదారు పాళ్ళుండేది. ఈ మైనంలో ఎనభై అని డబ్బా మీదే రాసి ఉంది. ఆ అంకె చదివి నేనేమన్నానో తెలుసా? ఎంత శుద్ధంగా తీశారే అన్నాను. బీరు తాగేవాడికి అదే గ్లాసు నిండా సారా పోసినట్టని నా మట్టిబుర్రకు తట్టలేదు.

వసంతంలో పొద్దున్నపూట వికారంతో మొదలైంది. ఎండాకాలం చివరికి రోజుకు ఇరవైసార్లు వాంతి. షవరులో వేడినీళ్ళ కింద నిలబడితే మాత్రం ఆగేది. ఒళ్ళు ఎర్రగా కందిపోయేదాకా గంటలు గంటలు అక్కడే ఉండేది. నీళ్ళు కట్టేస్తే మళ్ళీ మొదలు. నేను బాత్రూం తలుపు బయట కూర్చుని, ఇంకాస్త పీల్చమ్మా, కడుపు కుదుటపడుతుంది అని గొట్టం లోపలికి అందించేదాన్ని.

పొరుగున ఉండే మార్సీ ఒకరోజు ఆపిల్ పళ్ళు పట్టుకొచ్చింది.

"ఏమే వెర్నా, మీ నీళ్ళ ట్యాంకు అడుగంటుతోంది. బాత్రూంలో చేపల్ని గానీ పెంచుతున్నావా?"

"పిల్లకి ఒంట్లో బాలేదే. వేడినీళ్ళు పడితేనే వాంతి ఆగుతోంది."

మార్సీ మొహంలో నవ్వు పోయింది. "ఒరెగాన్‌లో మా అక్క కొడుక్కి అచ్చం ఇదే. రోజంతా వేడినీళ్ళ కిందే ఉండేవాడు. ఆ మైనం మొత్తం మానేశాకే తగ్గిందట. డాక్టర్లు దానికేదో పేరు కూడా పెట్టారు."

"డాక్టర్లు పేరు పెట్టంది ఏముందిలే. గస్‌కి తిండి ఎవరు నిలబెట్టారో నువ్వు చూళ్ళేదా?"

"చూశాను. గస్ తిన్నది నీ తోటలో మొగ్గ. టాన్సీ పీలుస్తున్నది అది కాదు."

"ముప్పై ఏళ్ళు ఆ మొక్కతో కాపురం చేసినదాన్ని, నాకు నేర్పుతావా?"

"నేర్పట్లేదే తల్లీ. భయమేసి చెబుతున్నా." పళ్ళు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

మార్సీ వచ్చి వెళ్ళిన ఐదో రోజుకు టాన్సీ కళ్ళు గుంటలు పడ్డాయి. కాళ్ళు కొంకర్లు పోయాయి. కారులో వేసుకుని కొండ దిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చేతికి సెలైన్ పెట్టారు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"గంజాయి వాడుతుందా అండీ?"

"లేదండీ." ఆలోచించకముందే నోట్లోంచి వచ్చేసింది.

"ఎందుకు అడుగుతున్నానంటే, బాగా ఘాటైనవి రోజూ వాడేవాళ్ళకి కొందరికి ఇలా అవుతోంది. మానితే తప్ప తగ్గదు. కక్కీ కక్కీ రక్తంలో ఉప్పులు పడిపోతే గుండే ఆగిపోవచ్చు. పోలీసులకి చెప్పను, ఇప్పుడు తప్పు కూడా కాదు కదా. ఏమైనా వాడుతుందా?"

"వాడదని చెప్పానుగా."

"వేడినీళ్ళ స్నానం చేస్తే హాయిగా ఉంటుందా?"

మార్సీ మాట చెవిలో మోగింది. ఈవిడకెలా తెలుసు? మా సంగతి తెలిసిపోయినవాళ్ళంటేనే మాకు భయం. "అదేం లేదు" అన్నాను. డాక్టరమ్మ నన్ను వదిలి టాన్సీ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా. మూడోసారి అడుగుతున్నా. గంజాయి ఏమైనా..."

టాన్సీ నా వైపు చూసింది. నాలుగేళ్ళప్పుడు బడి నుంచి వచ్చి చూసిన చూపే. నేను తల అడ్డంగా ఊపాను.

"లేదండీ" అంది నా బిడ్డ.

మూత్ర పరీక్ష చేస్తామంటే సంతకం పెట్టనివ్వలేదు. రెండు సీసాల సెలైన్ ఎక్కాక టాన్సీ లేచి కూర్చుంది. రాత్రికి ఉంచమని డాక్టరమ్మ బతిమాలింది. వద్దని తీసుకొచ్చేశాను.

దారిలో కిటికీకి తల ఆనించి అంది, "అమ్మా, వెనక్కెళ్ళి చెప్పేద్దామా? నాకు చచ్చిపోతానేమోనని ఉంది."

"నోర్ముయ్. అలాంటి మాటలు మాట్లాడకు. ఇంటికెళ్ళాక కాస్త పీలిస్తే అదే సర్దుకుంటుంది."

"సరేలే" అంది. పిచ్చిది, నేనేం చెప్పినా సరేలే అనేది.

ఇంటికెళ్ళాక నేనే గొట్టం కాల్చి ఇచ్చాను. కంచే చేను మేస్తుంటే కాపలా కాశాను.

మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లో సూప్ కాస్తుంటే పొయ్యి ఆరిపోయింది. గ్యాసు అయిపోయింది. బాత్రూంలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నీళ్ళు వేడెక్కేదీ ఆ గ్యాసుతోనే. గరిటె పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడిపోయాను. నా కూతురు చన్నీళ్ళ కింద నిలబడదు. ఆ సంగతి నాకు తెలుసు. చివరికి గరిటె వదిలేసి వెళ్ళి బాత్రూం తలుపు తోశాను.

నేల మీద ఒక పక్కకి ముడుచుకుని ఉంది. ఒంటి మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ముట్టుకుంటే నీళ్ళకీ తనకీ తేడా లేదు.

సాయంత్రం షెరీఫ్ ఆఫీసు నుంచి పోలీసు వచ్చాడు. చావు జరిగితే కారణం రాసుకునేది వాళ్ళే. యూనిఫాంలో ఉన్నవాడిని నా ఇంటి గడప దాటనివ్వడం అదే మొదటిసారి. గస్ కుర్చీలో కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, పెన్ను తీశాడు.

"ఏమీ అనుకోకండమ్మా. అడగాల్సినవి అడగాలి. మీ అమ్మాయి ఏమైనా వాడేదా?"

చెప్పాను. మైనం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, దాని మీది అంకె చూపించాను. రోజుకెన్నిసార్లు పీల్చేదో చెప్పాను, గొట్టం ఎవరు కాల్చి ఇచ్చారో చెప్పాను. అక్కడితో ఆగలేకపోయాను. గస్ వెన్న సంగతి, మొదటి విత్తనం ఎవరిచ్చారు, ఏ వాలులో నాటాం, హెలికాప్టరు వస్తే ఏ గుంటలో దాక్కునేవాళ్ళం, బళ్ళో టీచరుకి టాన్సీ ఏం చెప్పింది, ముప్పై ఏళ్ళది మొత్తం చెప్పాను. అతను రెండు కాగితాలు నింపి, పెన్ను కింద పెట్టాడు.

"చాలమ్మా. ఇదంతా అక్కర్లేదు. ఈ డబ్బా ఇస్తే చాలు."

"లేదు, రాసుకో నాయనా" అన్నాను. "డాక్టరమ్మ మూడుసార్లు అడిగింది. అది కూడా రాసుకో."