పడటమే అతని పని

హీరో చెయ్యి ఇంకా గాలిలో ఉండగానే బాలనర్సయ్య ఎగిరి బల్ల మీద పడ్డాడు. బల్ల ముక్కలయింది. నోట్లో పోసుకున్న ఎర్రరంగు గడ్డం మీదుగా కారింది.

"ఇంకోసారి" అన్నాడు ఫైట్ మాస్టర్.

బాలనర్సయ్య లేచి నోరు కడుక్కున్నాడు. సినిమాల్లో కొట్టేవాడికి పెద్ద పనేమీ ఉండదు, చెయ్యి ఊపితే చాలు. మెడ తిప్పటం, ఎగరటం, నడుం విరిగేలా పడటం, మూలగటం, అన్నీ దెబ్బలు తినేవాడి పనులే. చచ్చిపడాల్సిన షాట్లో పొట్ట కదలకుండా ఊపిరి బిగబట్టటంలో ఫిల్మ్ నగర్ మొత్తానికి బాలనర్సయ్యే మొనగాడు. పాపం, ఆ సంగతి ఫైటర్లకి తప్ప ఎవరికీ తెలియదు.

పోలింగ్ రోజు కాబట్టి మాస్టర్ త్వరగా వదిలేశాడు. బాలనర్సయ్య నడుం పట్టుకుని జూబ్లీ హిల్స్ వాలు దిగాడు. కంప్యూటర్ కంపెనీలు వచ్చాక ఆ గుట్టల మీద బండలు పగలని రోజు లేదు. బండలు పోయిన చోటల్లా అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల కింద మిగిలింది అతని బస్తీ ఒక్కటే.

బస్తీవాళ్ళు ఇళ్ళకి పట్టాలు అడిగితే, ఎన్నికల్లో నిలబడ్డ బిల్డరు అచ్యుతరామయ్య పోచమ్మకి పాలరాతి గుడి కట్టించి ఇచ్చాడు. గుడి తెరిచిన రోజున ఇంటికొకరి చేత దీపం మీద చెయ్యి పెట్టించి, ఓటు తనకేనని ఒట్టు వేయించుకున్నాడు. వారం తిరక్కుండా సర్వేవాళ్ళు వచ్చి, కూలగొట్టాల్సిన గోడలన్నిటికీ సున్నంతో గీతలు గీశారు. గీత పడనిది గుడి గోడ ఒక్కటే. మనుషుల్ని ఇంత తెలివితక్కువవాళ్ళుగా ఎలా లెక్కేస్తారో ఈ పెద్దమనుషులు!

అతని పెళ్ళాం జగదాంబ గడపలో కూర్చుని ఉంది. ఇంటి తరఫున ఒట్టు వేసింది ఆమే.

"తల్లి ముంగట ఒట్టేసిన. గిప్పుడు ఇంకొకనికి ఏస్తె ఊకుంటదా?" అంది మొగుడితో.

"ఇండ్లన్నీ గూలగొడ్తె తల్లికి బోనమెవరు ఎత్తుతరే? గా అద్దాల మేడలోళ్ళా? తల్లికి మనం గావాలె. జర ఫికర్ చెయ్యకు."

"ఆయన మనుషులు కట్టెలు పట్టుకొని వస్తరంట."

బాలనర్సయ్య నవ్వాడు. "రానీ. ముంగటికి పోయి ఒక్క దెబ్బకే సచ్చినట్టు పడ్త. మనిషి సచ్చిండంటె ఎసొంటోడైనా జడుస్తడు. మీరెవ్వరు లైను ఇడ్వద్దు. నువ్వు ఓటేసినంకనే వచ్చి నన్ను లేపు."

ఆ మాట బస్తీ అంతా పాకింది. ఆడా మగా నవ్వుకుంటూనే, బూత్ పెట్టిన బడి ముందు వరస కట్టారు.

జీపు వచ్చింది. దిగినవాళ్ళు ఒక్క మాటైనా అడగలేదు. వరసలో ఉన్న ముసలి శకుంతలమ్మ భుజం మీద హాకీ కర్ర పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. అడ్డం వచ్చిన నర్సింహను ముఖం మీద కొట్టారు. అతను పళ్ళు మట్టిలో ఉమ్మాడు. కాపలా ఉన్న పోలీసు బడి గోడని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు. వరస ఊగింది.

బాలనర్సయ్య చొక్కా సర్దుకుని వరసలోంచి ముందుకు వెళ్ళాడు. ఎదురుగా ఉన్నవాడు కర్ర ఎత్తగానే మెడ తిప్పి, కేక పెట్టి, గాలిలోకి లేచాడు. కర్ర అతన్ని తాకనే లేదు.

వెనక నుంచి ఇనపరాడ్డు వచ్చి తలకి తగిలింది.

షూటింగులో ఎవరు ఎటు నుంచి కొడతారో ముందే చెబుతారు. ఈ దెబ్బ సంగతి ఎవరూ చెప్పలేదు. అయినా బాలనర్సయ్య ఎప్పటిలాగే పడ్డాడు, పక్కకి ఒరిగి, ఒక చెయ్యి కిందకి మడిచి. చెవిలోంచి నెత్తురు కారింది.

"సచ్చిండురా!" అని అరిచి, కర్రలు అక్కడే పారేసి, వచ్చినవాళ్ళు జీపు ఎక్కారు.

"అబ్బ, ఏం పడ్డడే!" అంది వరసలో ఎవరో. ఆ నెత్తురు షూటింగు రంగేననుకుని జగదాంబ కొంగు అడ్డం పెట్టుకుని మురిసిపోయింది. ఆ మాట బాలనర్సయ్య కూడా విన్నాడు. పొట్ట కదలకూడదు అనుకున్నాడు. కొంతసేపటికి అది తనంతట తానే కదలటం మానేసింది.

వరస మళ్ళీ సర్దుకుంది. జగదాంబ లోపలికి వెళ్ళి, దీపం మీద పెట్టిన చేత్తోనే మొగుడు చెప్పిన మీట నొక్కింది. బయటికి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"లెవ్వయ్యా, పోయిండ్రు. ఓటేసొచ్చిన."

అతని పెదవి మీద ఈగ వాలింది. తోలింది. మళ్ళీ వాలింది. సిరా ఆరని వేలు ముక్కు దగ్గర పెట్టి చూసింది. పెట్టిన వేలు తియ్యకుండా అలాగే ఉండిపోయింది.

"ఒట్టు తప్పింది నేను గద తల్లీ! ఈయన్నెందుకు గొంచవోయినవ్?"

ఆ ఏడుపు విని వరస అంతా చెదిరి ఆమె చుట్టూ చేరింది. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె పెట్టినట్టు, పడటానికి వెళ్ళే ముందు బాలనర్సయ్య తన చోటు పోకుండా చెప్పులు విడిచి వెళ్ళాడు. వెనకవాళ్ళు జరిగినప్పుడల్లా వాటినీ కాలితో ముందుకు జరుపుతూనే వచ్చారు. అవి ఇప్పుడు బూత్ గుమ్మం ముందు, లోపలికి తిరిగి ఉన్నాయి.