గంజిలో ముంచిన పెళ్లిచీర

పూర్వం ప్రతి అక్టోబరులోనూ ఏసుపాదం, వసంతకుమారి దంపతులు తమ ఇంటి ముందు ఒక బొమ్మను నిలబెట్టేవారు. ఇప్పుడా అలవాటు లేదు.

అమెరికాలో, కమ్మింగ్ ఊళ్లోని ఆ వీధిలో హాలోవీన్‌కు అందరూ కొన్న అస్థిపంజరాలు వేలాడదీసేవారు. వీరు మాత్రం కర్రచట్రానికి ఇనుపవల చుట్టి, గంజి కలిపిన సిమెంటు నీళ్లలో పాతబట్టలు ముంచి తొడిగేవారు. తెల్లవారేసరికి బట్ట రాయయ్యేది. ఎవరి బట్టలు తొడిగితే వారి నొప్పి బొమ్మలోకి వెళ్లిపోయేది. పక్కింటి ముసలాయన మోకాలు అలాగే బాగుపడింది. కుంటుతున్న బొమ్మ కాలి కింద ఆయనే ఒక ఇటుక పెట్టి వెళ్లాడు.

"దయ్యాల పండగతో మనకేం పని, బ్రదర్?" అని చర్చిలో రూతమ్మగారు దెప్పేది. మరుసటి వారమే భర్త చొక్కా పట్టుకొచ్చి, "ఈయనకి భుజం పట్టేసింది, కాస్త చూడండి" అనేది.

2009లో వసంతకుమారి వెన్నులోకి క్యాన్సర్ పాకింది. నొప్పి మందు వేసుకుంటే రోజంతా మగత; మానేస్తే కూర్చోనివ్వని నొప్పి. ఆమె పాత నైటీని బొమ్మకు తొడిగితే, ఆ నొప్పి బరువు మోయలేక అది నిలువునా చిరిగింది.

"పెళ్లిచీర తీస్తాను, వసంతా. పట్టుది, ఆగుతుంది."

"అది నా పెట్టెలోకండీ. ఆ తెల్లచీరలోనే మట్టిలోకి వెళ్తానని అమ్మకి మాటిచ్చాను."

"పెట్టెలో నీకు నొప్పి ఉండదు. ఇప్పుడుంది."



"మరప్పుడు నాకేం కడతారు?"

"నీ నీలం నేతచీర."

"దానికి జాకెట్ లేదు."

"కుట్టిస్తాను."

"మీరా! కొలతలేం చెప్తారు, పాపం?" అని నవ్వింది. నవ్వుకు వెన్ను కలుక్కుమంది. కళ్లు మూసుకుని, "తీయండి" అంది.

మర్నాడు ఉదయం ఇంటి ముందు తెల్లచీర బొమ్మ నడుము వంగిపోయి, చెయ్యి వెన్నుకు ఆనించుకుని ఉంది. వసంతకుమారి వంటింట్లో నిటారుగా నిలబడి టీ వడకడుతోంది. నొప్పి పోయింది, జబ్బు పోలేదు. అది ఇద్దరికీ తెలుసు. ఆమె మళ్లీ ఆ మందు ముట్టలేదు. మిగిలిన రోజులన్నీ మెలకువగానే గడిపింది.

ఆ ఏడు క్రిస్మస్‌కు ముందు ఒక సాయంత్రం డ్రయ్యర్‌లోంచి వెచ్చటి దుప్పటి తీసి, మడతపెట్టడానికి చెరో రెండు కొసలూ పట్టుకున్నారు. ముడతలు పోయేలా ఒకసారి గట్టిగా దులిపారు. ఆమె నడిచి వచ్చి తన కొసలు అతని చేతుల్లో పెట్టింది.