మూడు కాళ్ళ గురిబల్ల

నవంబరు వచ్చిందంటే వెండెల్ హ్రూష్కా వంటింట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. కొండ మీద కాపురమున్న వాళ్ళంతా తమ తమ తుపాకులు తెచ్చి అతని గోడకు ఆనించి పోయేవాళ్ళు. థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం దుప్పుల వేట మొదలవుతుంది. ఈలోగా ఒక్కో తుపాకీనీ బల్ల మీద ఆనించి, వంద గజాల అవతలున్న కాగితం మీద మూడు తూటాలు కాల్చి, గురి సరిచేసి ఇవ్వడం వెండెల్ పని. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోడు. మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డ కాగితాన్ని మడిచి, మూల సంతకం పెట్టి, తుపాకీ పట్టీ కింద దోపి ఇస్తాడు. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్న ఇళ్ళు ఆ కొండ మీద చాలానే ఉన్నాయి. చర్చి మొహం చూడని వాళ్ళకి కూడా ఆ సంతకం మీద నమ్మకం.

కిందటేడు పదమూడు తుపాకులు వచ్చాయి. ఈ ఏడు నాలుగు.

ఎందుకని ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. చెప్పకపోవడమే అతన్ని తినేసింది. కిందటేడు అతని బావమరిది డ్వెయిన్ కాల్చిన తూటా దుప్పి గుండెకి తగలకుండా పొట్టలో దిగింది. డ్వెయిన్ చీకటి పడేదాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగి, దుప్పిని పోగొట్టుకుని వచ్చాడు. మార్చిలో మంచు కరిగాక వాగు పక్కన దాని ఎముకలు కనిపించాయి. పొట్టలో దెబ్బ తిన్న జంతువు చావడానికి ఎంతసేపు పడుతుందో ఆ కొండ మీద అందరికీ తెలుసు. "నా చెయ్యే బెదిరింది బావా," అన్నాడు డ్వెయిన్. అతని చెయ్యి బెదిరేది కాదని వెండెల్‌కి తెలుసు. ఆ తుపాకీని సరిచూసి సంతకం పెట్టింది తనే.

మనిషి ఇలాంటప్పుడు తన వైపు తప్ప అన్ని వైపులా చూస్తాడు. వెండెల్ పెరట్లోని పాత బల్ల వైపు చూశాడు. దాని కాళ్ళు నానిపోయాయి, పలకలు వంగిపోయాయి. ఇంకేం, దోషి దొరికింది. డెబ్బై ఒకటో ఏట కొత్త గురిబల్ల కట్టడానికి నడుం బిగించాడు.

ఊళ్ళో బౌలింగ్ ఆటశాల మూతపడ్డప్పుడు దాని నేల చెక్కలు పెరికి అమ్మారు. అందులో ఒక ముక్క ఆరేళ్ళుగా అతని కొట్టంలో పడి ఉంది. నాలుగు వేళ్ళ మందం మేపుల్ చెక్క, ఇద్దరు ఎత్తితే గాని కదలదు. దాన్ని పైపలకగా పెట్టాడు. మనిషి ఛాతీ ఆనించుకుని కూర్చోవడానికి కుడివైపు ఒక గంటు కోశాడు. నాలుగు కాళ్ళ బల్ల ఎప్పుడో ఒకప్పుడు కుంటుతుంది, మూడు కాళ్ళది ఎక్కడ పెట్టినా నిలబడుతుంది కాబట్టి మూడు కాళ్ళే వేశాడు. వేసి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. చలికి నేల ఉబ్బి కాళ్ళు పైకి లేస్తాయేమోనని మూడింటినీ మూడున్నర అడుగుల లోతున కాంక్రీటులో పాతాడు. ఎనిమిది లావుపాటి బోల్టులతో పలకని కాళ్ళకి బిగించాడు. పానా జారిపోతుంటే రెండు చేతులతోనూ పట్టుకుని, ఆ మీద భుజంతో తోసి మరీ బిగించాడు. అరపూట పని అతనికి మూడు రోజులు పట్టింది.

డ్వెయిన్ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"బావా, ఇది బల్లా, మేడకి పునాదా?"

"నీలాంటోడు ఆనుకున్నా కదలకూడదని."

"నేనానుకుంటే కొండే కదులుద్ది. ఈ బల్లెంత." నవ్వి, తన తుపాకీని గోడకి ఆనించాడు. తెచ్చిన నలుగురిలో అతనొకడు. ఇంకోడైతే తెచ్చేవాడు కాదు. అది వెండెల్‌కి తెలుసు, డ్వెయిన్‌కీ తెలుసు.

కాంక్రీటు ఆరాక వెండెల్ ఒక కప్పు నిండా, అంచుదాకా నీళ్ళు పోసి బల్ల మధ్యలో పెట్టాడు. పిడికిలితో పలక మీద గుద్దాడు. నీళ్ళు తొణకలేదు. పక్కన నిలబడి మోకాలితో గట్టిగా తోశాడు. తొణకలేదు. ముప్పై ఏళ్ళలో అతను కట్టిన వాటిల్లో ఇంత మంచి బల్ల లేదు. చాలా రోజుల తర్వాత అతనికి ప్రాణం లేచొచ్చింది.

చనిపోయిన భార్య పాత జీన్స్ కాళ్ళు కత్తిరించి, ఇసక నింపి కుట్టిన సంచులు రెండున్నాయి. వెండెల్ వాటి మీద డ్వెయిన్ తుపాకీని పెట్టి, మోచేతులు బల్లకి ఆనించి కూర్చున్నాడు. కప్పు ఇంకా ఎదురుగానే, అతని ముంజేతికి తగులుతూ ఉంది. అందులో నీళ్ళు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. వెండెల్ కాసేపు ఆ నీళ్ళ వైపే చూశాడు. తర్వాత కప్పు తీసి నేల మీద పెట్టేశాడు.

మొదటి మూడు తూటాలు కాగితం మీద మూడు మూలలకి పోయాయి. ఇసక సంచులు సర్దుకుని మళ్ళీ కాల్చాడు. తుపాకీ మార్చి కాల్చాడు. ఊపిరి బిగబట్టీ కాల్చాడు, వదిలీ కాల్చాడు. సాయంత్రానికి నాలుగు పెట్టెల తూటాలు అయిపోయాయి. సంతకం పెట్టదగ్గ కాగితం ఒక్కటీ రాలేదు. కుడి చూపుడువేలు మీట మీదికి వెళ్ళేసరికి దానంతటదే కొట్టుకుంటోంది. అతను ఆ చేతిని జేబులో పెట్టుకుని, వంగి, బల్ల కాళ్ళు పరీక్షించాడు.

ఆదివారం కూతురు లొరెట్టా వచ్చింది. బడి బస్సు నడుపుతుంది, నలభై నాలుగేళ్ళు. తొమ్మిదో ఏట తండ్రి ఒళ్ళో కూర్చుని తుపాకీ పట్టింది. ఇప్పుడు ఆ కొండ మీద ఆమెతో పందెం వేసే మగాడు లేడు. తండ్రికి కాఫీ పోసిస్తూ, అతను కప్పుని రెండు చేతులతో పట్టుకోవడం చూసింది.

"బయటికి రా. ఓ మూడు తూటాలు కాల్చిపెట్టు," అన్నాడు వెండెల్.

"నేనెందుకు? నువ్వున్నావుగా."

"నేను కాలిస్తే చెదురుతున్నాయే. బల్లదో, నాదో తేలాలి. నీకూ చెదిరాయనుకో, తప్పు బల్లది. ఇంకోటి కట్టుకుంటా. నీకు చెదరలేదనుకో..." ఆగాడు. "ఈ నాలుగు తుపాకులూ ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తా. మళ్ళీ ముట్టుకోను."

"నాన్నా, డాక్టరు దగ్గరికి..."

"డాక్టరు సంగతి నేనడగలా. కాల్చమన్నా."

లొరెట్టా కోటు గుండీలు పెట్టుకుని వెళ్ళి కూర్చుంది. అరచేత్తో పలకని ఒకసారి నిమిరింది. తన తుపాకీని ఇసక సంచుల మీద సర్ది, చెంప ఆనించింది. వెండెల్ వెనక నిలబడి కాగితం వైపు కాక కూతురి వైపే చూశాడు. ఆమె ఊపిరి సగం వదిలి ఆగింది. మీటని అతను నేర్పినట్టే, ఎప్పుడు పేలుతుందో తనకే తెలియనంత మెల్లగా నొక్కింది. భుజం బెదరలేదు. మూడుసార్లూ అంతే. ఇక కాగితం చూడక్కర్లేదనిపించింది అతనికి. మూడు చిల్లులు ఒకచోటే ఉంటాయి. అయిపోయింది.

అయినా నడిచాడు. వంద గజాలు మెల్లగా నడిచాడు. కాగితం ముందు నిలబడ్డాడు.

మూడు తూటాలూ చెదిరాయి. ఒకటి పైకి, ఒకటి ఎడమ కిందికి, ఒకటి కుడి కిందికి. క్షణం సేపు అతని గుండె గంతేసింది. బల్లదే తప్పు, బల్లదే. తర్వాత, నలభై ఏళ్ళుగా కాగితాల మీద చిల్లులు చదివిన కన్ను కదా, అది ఊరుకోలేదు. జేబులోంచి కొలబద్ద తీశాడు. నడిమి చుక్క నుంచి మొదటిది నాలుగంగుళాలు. రెండోది నాలుగంగుళాలు. మూడోది నాలుగంగుళాలు. గురి తప్పిన చెయ్యి ఇంత సమంగా తప్పదు. వంద గజాల నుంచి ఇంత కొలత ప్రకారం తప్పించాలంటే చెయ్యి రాయిలా ఉండాలి. చేతి కింద బల్ల అంతకంటే రాయిలా ఉండాలి.

పైగా ఇంకోటి తెలిసిపోయింది. లొరెట్టా తన మీద జాలిపడింది. ఇన్నేళ్ళలో ఆమె తుపాకీతో అబద్ధమాడటం ఇదే మొదలు. అది తన కోసం ఆడింది.

కాగితాన్ని మడవబోతే వేళ్ళలో అది రెపరెపలాడింది. ఉండచుట్టి కోటు జేబులో కుక్కుకున్నాడు. తిరిగొచ్చేసరికి లొరెట్టా బల్ల పక్కన నిలబడి, నేల వైపు చూస్తోంది.

"చెదిరాయి," అన్నాడు.

"ఊఁ. కదులుతోంది నాన్నా. కాల్చేటప్పుడు కింద తెలుస్తోంది."

"కదులుతోందా?"

"కదులుతోంది."

వెండెల్ తల ఊపాడు. డ్వెయిన్ వస్తాడు, తుపాకీ కోసం. వాడు కూర్చుని ఒక్క తూటా కాలిస్తే చాలు, బల్ల ఎలాంటిదో బయటపడిపోతుంది. బల్ల నిలబడి ఉన్నన్నాళ్ళూ, దాని మీద కూర్చునే ప్రతివాడికీ తన చేతి సంగతి చెబుతూనే ఉంటుంది.

"తుపాకులు నువ్వు పట్టుకెళ్ళి ఎవరివి వాళ్ళకిచ్చేయి," అన్నాడు. "నేల గుల్లది, బల్ల కుదరలేదని చెప్పు. ఈ ఏటికి ఎవరిది వాళ్ళే చూసుకోమను."

"వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు సంగతి ఇప్పుడెందుకే."

కొట్టంలోకెళ్ళి పానా తెచ్చి, పలక కిందికి వంగాడు. మొదటి బోల్టు తలకి పానా పట్టించబోతే అది ఇనుముకి టకటకా కొట్టుకుంది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే చప్పుడు. ఆదివారం పొద్దుటి నిశ్శబ్దంలో అది కొండంతా వినిపిస్తున్నట్టు అనిపించి సిగ్గేసింది. లొరెట్టా వచ్చి అతని చేతిలోంచి పానా తీసుకుంది. అతను ఇచ్చేశాడు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని విప్పడం మొదలుపెట్టింది. మొదటి బోల్టుకి రెండు చేతులూ వేసి, భుజం ఆనించి, పళ్ళు బిగించి లాగితే గాని కదల్లేదు. రెండోదీ అంతే. తండ్రి చేతుల్ని కోటు జేబుల్లో దోపుకుని పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఎనిమిది బోల్టులు విప్పేసరికి ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. ఎనిమిదింట్లో ఒక్కటి కూడా వదులుగా లేదు.