పద్నాలుగు రోజుల మందు

పొయ్యి గట్టు మీద మాత్రల అట్టలు పరిచి, ఆమె ఒక్కొక్క అట్టనీ కత్తెరతో సగానికి కోసింది. ఏడు రోజులవి తనకి, ఏడు రోజులవి ఆయనకి.

కుట్టుమిషన్ల షెడ్డులో పని. రెండేళ్ళుగా కడుపులో మంట. డాక్టరమ్మ సంచిలోకి ఊపిరి ఊదించే పరీక్ష చేయించి కడుపులో సూక్ష్మక్రిమి ఉందని చెప్పింది. కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే ఉందట. "ఈ క్రిమి ఉన్నవాళ్ళలో కొలెస్ట్రాల్ ఎక్కువ కనబడుతోందని కొందరంటున్నారమ్మా. గుండెకి చేటు చేస్తుందా అన్నది ఇంకా తేలలేదు. ముందు దీన్ని చంపుదాం, గుండె సంగతి విడిగా చూద్దాం. పద్నాలుగు రోజులూ మానకుండా వేసుకో."

ఆ మాటలు ఇంటికి తెచ్చి చెప్పడమే ఆమె చేసిన తప్పు. అత్తగారికి సగమే వినబడింది. "కొలెస్ట్రాల్ మావాడికీ ఉందిగా. వాడిది గుండె కాదా?" ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "చెరిసగం వేసుకుందాం. పద్నాలుగు రోజులనేది వాళ్ళ వ్యాపారంలే."

ఆయన ఒక్కసారి త్రేన్చితే ఇల్లంతా వేడినీళ్ళకి పరిగెడుతుంది. ఆమె ఛాతీ పట్టుకుంటే మాత్రం గ్యాస్ అంటారు. ఆమె తల్లి నలభై ఆరేళ్ళకి బట్టలారేస్తూ, తీగ పట్టుకునే ఒరిగిపోయింది. ఆమెకిప్పుడు నలభై నాలుగు. మిషన్ ఆపినా లోపల దడదడ ఆగదు. అది భయమో, మంటో, గుండెయో ఎవరిని అడగాలి?

రెండు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష. తన కొలెస్ట్రాల్ రిపోర్టు కూడా పనిలో పనిగా చూపించుకోవచ్చని ఆయన వెంట వచ్చాడు. గడప దాటుతుంటే అత్తగారు మెల్లగా అంది: "ఇంట్లో సంగతులు అక్కడ వాగకు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

డాక్టరమ్మ కాగితం చూసి నొసలు ముడిచింది. "క్రిమి చావలేదు. మందంతా వేసుకున్నావా?"

"ఒక్కటీ మానలేదండీ. నేనే దగ్గరుండి మింగించాను," అన్నాడాయన.

"అయితే ఆ మందుకి లొంగలేదన్నమాట. ఇంకా గట్టివి రాయాలి." కలం కాగితం మీద ఆనింది.

ఆయన మోకాలు బల్ల కింద ఆమె మోకాలిని నొక్కింది. ఆమె కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంది.

"ఏడు రోజులే వేసుకున్నానమ్మా. మిగతావి ఈయన మింగారు. ఈయన్ని కాసేపు బయట కూర్చోమనండి, నా గుండె గురించి మీతో మాట్లాడాలి."