రెండు గీతల గేజి పుల్ల

నేను ఒక పుల్లని. పుల్ల అనగానే అగ్గిపుల్ల అనో చీపురుపుల్ల అనో అనుకునేరు! లారీ ఇంజను పక్కన సన్నటి గొట్టంలో దూరి, అడుగున ఆయిలు ఎంతుందో చూసి చెప్పే గేజి పుల్లని. మూరెడు ఉక్కు ఒళ్ళు, పైన పట్టుకోవడానికి ఒక ఉంగరం, కింద కొసన రెండు గీతలు. ఆయిలు కింది గీతకన్నా దిగినా ప్రమాదమే, పై గీత దాటినా ప్రమాదమే. మధ్యలో ఉండండర్రా బాబూ అని చెప్పడమే నేను జన్మంతా చేసిన పని. మనుషులకి కూడా ఇలా రెండు గీతలు పెట్టి పుట్టించి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది. పెట్టినా వాళ్ళు తీసి చూసుకునే రకం కాదులెండి.

పుట్టింది ఎక్కడో ఒక కార్ఖానాలో. ఉక్కు చుట్టని సాగదీశారు, కోశారు, కొస నొక్కారు. చివర్న ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని రెండు గీతలు కొట్టాడు. ఆ రోజు నాతోపాటు కొన్ని వందలమందిమి పుట్టాం. ఒక్కదానికి కూడా ఆయన గీత వంకర పోనివ్వలేదు. ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టాలని ఇప్పటికీ ఉంది, నాకు చేతులు లేవు గానీ.

నా మొదటి యజమాని ఇసక తోలేవాడు. పొద్దున్నే నన్ను లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతురుకి ఎత్తి చూసేవాడు. కట్టుకున్న పెళ్ళాం మొహమైనా అంత శ్రద్ధగా చూసి ఉండడు. రెండో ఆయన నన్ను వీపు గోక్కోవడానికి వాడాడు. గోక్కున్నాక తుడిచేవాడా అంటే అదీ లేదు. నా ఆయిలు ఆయన వీపుకి, ఆయన చెమట నా ఒంటికి! ఆ తర్వాత నేనూ నా లారీ కలిసి కైకలూరు వైపు, చేపల చెరువుల మధ్య ఉండే బసవపున్నయ్యగారి చేతికొచ్చాం.

బసవపున్నయ్యగారికి బండంటే ప్రాణం. ముందు అద్దానికి జరీ కుచ్చులు, బంపరుకి నల్ల తాడు, నుదుటి మీద ఆయన ముగ్గురు కూతుళ్ళ పేర్లు. బానెట్ ఎత్తి లోపలికి చూడడం మాత్రం వాళ్ళ ఇంటా వంటా లేదు. దసరాకి స్టీరింగుకి బొట్టు, టైర్లకి బొట్టు, జాకీకి బొట్టు, ఆఖరికి చక్రం కింద పెట్టే చెక్కదిమ్మకి కూడా బొట్టు. నాకు లేదు. నాకేం బాధలేదని చెప్తే అబద్ధమవుతుంది. కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

బండి తోలేది నాంచారయ్య. నలభై దాటినవాడు, మాట తక్కువ మనిషి. ఆ చుట్టుపక్కల డ్రైవర్లకి ఒక వింత తీర్పు ఉంది. ఎవడి చేతిలో ఇంజను పట్టేస్తే, అంటే లోపల బిగుసుకుపోయి చెడిపోతే, వాడికిక ఎవరూ స్టీరింగు ఇవ్వరు. తప్పు ఓనరుదా, వానదా అని అడిగే నాథుడుండడు. 'ఇంజను పట్టించినోడు' అని పేరు పడితే పడ్డట్టే. నాంచారయ్య తోడల్లుడికి ఆ పేరు పడి, ఇరవై ఏళ్ళు బండి తోలిన మనిషి ఇప్పుడు చెరువు గట్ల మీద మేత బస్తాలు మోస్తున్నాడు. నాంచారయ్యకి దెయ్యమన్నా భయం లేదు, ఆ పేరంటేనే భయం.

ఆ ఏడు ఉత్తర కార్తెలో వాన కుమ్మేసింది. చేపలు దింపి ఖాళీగా తిరిగొస్తుంటే, తెల్లారేసరికి మా ఊరి ముందు వాగు రోడ్డెక్కి పారుతోంది. నాంచారయ్య బండి ఆపి ఓనరుగారికి ఫోను కొట్టాడు.

"అయ్యా, నీళ్ళు నడుం దాకా ఉన్నాయండి. తగ్గేదాకా ఆగుతానండి."

"ఆగడమేంట్రా? అవతలోళ్ళ బండి ఇందాకే దాటిందంట. మన బండి వాళ్ళ బండికంటే తీసిపోయిందా? దించు!"

చూశారా, వాగు లోతు కొలిచిన పద్ధతి! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఆ పెద్దలకి ఓనర్లు లేరు కాబోలు. దించాడు పాపం. సగం దూరంలో నీళ్ళు బానెట్ ఎక్కాయి. ఇంజను ఒకసారి దగ్గింది, రెండుసార్లు తన్నుకుంది, ఆగిపోయింది. చల్లటి నీళ్ళు పైనుంచి జారి నా కాళ్ళ దగ్గరికి చేరాయి. ఆయిలు ఉలిక్కిపడి పైకి లేచింది. నాంచారయ్య మాత్రం తాళం ముట్టలేదు. క్యాబిన్ మీదికెక్కి కూర్చుని, ట్రాక్టరు వచ్చి గట్టుకి లాగేదాకా దిగలేదు.

గట్టు మీద సీతారావమ్మ టీ బడ్డీ పక్కన బండి ఆగింది. ఎనిమిదిన్నరకి బసవపున్నయ్యగారు దిగారు. మెకానిక్కుని తెస్తారనుకున్నాను. గుమ్మడికాయ, కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు తెచ్చారు.

రాగానే తనిఖీ మొదలుపెట్టారు. దేవుడి పటం తడిసిందా? లేదు. కుచ్చులు ఉన్నాయా? ఉన్నాయి. కూతుళ్ళ పేర్లు చెరిగాయా? చెరగలేదు. చెయ్యి పెట్టి హారన్ నొక్కారు. బొంయ్ మంది.

"ఇంకేంట్రా! బండి లక్షణంగా ఉంది. సిద్ధాంతిగారు తొమ్మిదీ పది నిమిషాల లోపు నిమ్మకాయలు తొక్కించమన్నారు. ఆ తర్వాత వర్జ్యం. స్టార్ట్ చెయ్!"

నాంచారయ్య చేతులు కట్టుకున్నాడు. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టకూడదండి. ఎయిర్ ఫిల్టరు తడిసి ముద్దయింది. పిస్టన్ల మీద నీళ్ళుంటే రాడ్లు వంగిపోతాయండి. గేర్‌బాక్సు ఆయిలు చూడాలి, చక్రాల హబ్బుల్లో గ్రీజు చూడాలి, డీజిల్ ట్యాంకు అడుగు నీళ్ళు వదలాలి. డ్రమ్ములు ఆరందే బ్రేకులు కూడా పట్టవండి. అన్నిటికంటే ముందు పుల్ల చూడాలండి."

"అయితే చూడు! నీ పుల్లేదో!"

ఎన్నాళ్ళకి నా వంతు వచ్చింది! నాంచారయ్య నన్ను లాగి, తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. పై గీత మీద రెండంగుళాల దాకా తడిసి ఉన్నాను. రంగు నల్లగా లేదు, చిక్కటి బురద తెలుపు. కొసన నీటి బొట్లు వేలాడుతున్నాయి. ఇంతకంటే అరిచి చెప్పడం పుల్ల వల్ల కాదు.

బసవపున్నయ్యగారు నన్ను పరకాయించి చూసి ఫక్కున నవ్వారు.

"ఓరి నీ తస్సాదియ్యా! పోసినదానికంటే ఎక్కువే ఉంది కదరా! తగ్గితే భయపడాలి గానీ పెరిగితే ఏడుస్తావేంట్రా? ఇది అమ్మవారి చలవ. తాళం ఇటియ్యి, నేనే తిప్పుతా."

ఆయన తాళం తిప్పితే ఇంజను పోతుంది. నాంచారయ్య పేరూ దాంతోనే పోతుంది. అతను తాళం పిడికిట్లో బిగించాడు.

అప్పుడు టీ గరిట పట్టుకుని సీతారావమ్మ వచ్చింది. నన్ను చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేంటి బాబుగారూ, మీ ఆయిలు అచ్చం నా టీ రంగులో ఉంది! పాలల్లో నీళ్ళు పోస్తే గిన్నె నిండుద్దండి. పాలెక్కువైనట్టేనా? ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు!"

టీ తాగుతున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. గ్లాసుల్లోకి ఒకసారి అనుమానంగా చూసుకున్నారు కూడా. బసవపున్నయ్యగారి మొహం ఎర్రబడింది.

"అది కాదే అమ్మా, వర్జ్యం వచ్చేస్తోంది! నిమ్మకాయలు తొక్కించకపోతే ఎట్టా?"

నాంచారయ్య మెల్లిగా అడిగాడు. "అయ్యా, సిద్ధాంతిగారు నిమ్మకాయలు తొక్కించమన్నారా, ఇంజను స్టార్ట్ చెయ్యమన్నారా?"

ఓనరుగారు ఆలోచించారు. "తొక్కించమన్నారు."

"అయితే తోసి తొక్కిద్దామండి."

టీ తాగేవాళ్ళు పదిమంది, ట్రాక్టరు ఆయన, నడుం బిగించి సీతారావమ్మ, అందరూ కలిసి తోశారు. న్యూట్రల్లో బండి నాలుగడుగులు కదిలింది. నిమ్మకాయలు నాలుగూ పచ్చడయ్యాయి. అప్పటికి టైము తొమ్మిదీ ఎనిమిది నిమిషాలు. ఓనరుగారు ఆనందంతో కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు.

మధ్యాహ్నం మెకానిక్కు మేస్త్రి వచ్చి ఇంజెక్టర్లు విప్పి, ఇంజనుని చేత్తో తిప్పితే, నీళ్ళు అంతెత్తున చిమ్మాయి. "ఒక్క సెల్ఫ్ కొట్టుంటే ఇంజను తూకానికి అమ్ముకోవాల్సిందే బాబుగారూ! ఈ పుల్ల కాపాడిందండి మీ బండిని" అన్నాడు. ఆయిలంతా దింపి, ఫిల్టర్లు మార్చి, హబ్బులు విప్పి గ్రీజు పెట్టి, మూడో రోజుకి బండిని నడిపించాడు. నాంచారయ్య పేరు నిలబడింది. నాకు అంతకంటే ఏం కావాలి!

కానీ మేస్త్రి అన్న ఆ చివరి మాట బసవపున్నయ్యగారి చెవిలో పడింది. ఆయన ఏదైనా సగమే వింటారు, విన్న సగం మాత్రం గట్టిగా నమ్ముతారు. ఆ దసరాకి నన్ను గొట్టంలోంచి లాగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ చుట్టి, ఆఫీసు గదిలో దేవుడి పటాల సరసన మేకుకి తగిలించారు. ఇన్నేళ్ళు బొట్టు కోసం ఏడ్చాను కదా, ఒక్కసారే వడ్డీతో సహా పెట్టారు. పసుపు కింద నా రెండు గీతలూ కనబడకుండా పోయాయి. లారీలో నా గొట్టానికి ఒక గుడ్డపీలిక కుక్కారు.

నాంచారయ్య రోజూ వచ్చి బతిమాలాడు. "అయ్యా, ఒక్కసారి పుల్ల ఇప్పించండి. ఆయిలు చూసుకుని ఇచ్చేస్తానండి. గుడ్డపీలికతో ఎట్టా తోలనండి?"

"తప్పురా, కళ్ళు పోతాయి! దేవుడి దగ్గర పెట్టింది దించుతారా ఎవరైనా? దణ్ణం పెట్టుకుని పో."

కొత్త పుల్ల కొనమంటే, దీన్ని అవమానించినట్టవుతుందన్నారు. కాగితాల మీద పెట్టిన బరువుకైనా ఏదో పని ఉంటుంది, నాకు అదీ లేదు. మళ్ళీ మబ్బులు కమ్ముతున్నాయి. కిటికీలోంచి వాగు దారి కనబడుతూ ఉంటుంది. అగరొత్తుల పొగలో ఊపిరాడక చచ్చాను.

ఒక పొద్దున్న నాంచారయ్య స్నానం చేసి, తడి జుట్టుతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. చొక్కాలోంచి నా పొడవే ఉన్న ఒక ఉక్కు కమ్మీ తీశాడు. బొటనవేలితో నా పసుపు ఇంత తుడిచి, కమ్మీని నా పక్కన ఆనించి, మేకుతో రెండు గీతలు గీశాడు. నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఆ కార్ఖానా పెద్దాయన లాగే గీశాడు. ఒక్క గీతా వంకర పోలేదు.

గుమ్మంలోంచి బసవపున్నయ్యగారికి అతని వీపు మాత్రమే కనబడింది. "భక్తంటే అదిరా!" అని మెచ్చుకున్నారు. "ఇంతసేపు నేను కూడా నిలబడలేను."

నాంచారయ్య కమ్మీని చొక్కాలో దాచుకుని, ఈసారి నిజంగానే నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గుడ్డపీలిక పీకేశాడు. కమ్మీని ముంచాడు, తుడిచాడు, మళ్ళీ ముంచాడు, వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆ తర్వాతే బండెక్కాడు.